చవక కిట్టు ఎందుకు చవకైంది? ముందు అది తేల్చుకోండి

మీరు అడిగింది ఇది: పన్నెండేళ్ల మేనల్లుడితో కలిసి 1/72 కొలతలో, అంటే అసలుకు డెబ్బై రెండో వంతుగా, రెండో ప్రపంచ యుద్ధం నాటి విమానం ప్లాస్టిక్ మోడల్ ఒకటి కట్టాలనుకుంటున్నారు. ఖర్చు పదిహేను వందల రూపాయలు దాటకూడదు. దుకాణంలో మూడు పెట్టెలు చూసి వచ్చారు. ఒకటి ఎయిర్‌ఫిక్స్ వారి స్పిట్‌ఫైర్ స్టార్టర్ సెట్, రెండోది హాబీ బాస్ వారి హెల్‌క్యాట్, మూడోది మీరెప్పుడూ పేరు వినని కంపెనీ చేసిన మెసర్‌ష్మిట్ 109. బొమ్మ అన్నిటికన్నా బాగున్నదీ, ధర అన్నిటికన్నా తక్కువున్నదీ ఆ మూడోదే. లోపల సరుకు ఎలాంటిదో కొనకముందే తెలుసుకోవచ్చా, ధర పెరిగితే నాణ్యత పెరుగుతుందా అన్నవి మీ సందేహాలు.

చాలావరకు తెలుసుకోవచ్చు. ధరకూ నాణ్యతకూ చుట్టరికం ఉంది గానీ అది దూరపు చుట్టరికం. చవక కిట్టు కనబడితే అది ఎందుకు చవకైందో ముందు ఆరా తీయండి. కారణం తెలిస్తే లోపం ఎక్కడ ఉంటుందో, ఆ లోపంతో మీరు నెట్టుకు రాగలరో లేదో తెలిసిపోతుంది.

ఈ వ్యాపారంలో పెద్ద ఖర్చు ఉక్కు అచ్చుదే. పాలీస్టైరీన్ గుళికలను రెండు వందల డిగ్రీల సెల్సియస్ పైచిలుకు వేడిలో కరిగించి, ఒత్తిడితో అచ్చులోకి పంపి, చల్లార్చి బయటికి నెడతారు. ఒక చిన్న విమానానికి పట్టే ప్లాస్టిక్ ఖరీదు లెక్కలోకి రాదు. అచ్చు చెక్కించడానికి పెట్టిన డబ్బు తిరిగి వచ్చేవరకే కంపెనీకి బెంగ. ఆ తర్వాత ఎన్ని తీస్తే అంత లాభం. అందుకే యాభై ఏళ్లు దాటిన అచ్చులు కూడా ఇంకా పని చేస్తున్నాయి. బజారులో కనిపించే చవక కిట్లలో చాలా భాగం ఈ కోవలోవే: అచ్చు ముసలిదైంది, దాని అప్పు ఎప్పుడో తీరిపోయింది, ఎంతకమ్మినా గిట్టుతుంది.

రెండో రకం కిట్లు కావాలనే తక్కువ భాగాలతో, తేలికగా కట్టేలా రూపొందించినవి. మూడో రకం భారీ సంఖ్యలో అమ్ముడవుతాయన్న ధీమాతో ధర తగ్గించినవి. ఇవి కాక ఇంకొకరి కిట్టును చూసి దించేసిన నకళ్లు ఉంటాయి. వాటి గురించి నేను చెప్పేది ఒక్కటే, ముట్టుకోకండి. నకలులో ప్రతి అంచూ అసలుకన్నా మొద్దుగా, ప్రతి అతుకూ అసలుకన్నా వదులుగా వస్తుంది. మిగిలిన మూడు రకాల్లోనూ మంచివి దొరుకుతాయి.

పాత అచ్చుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మోసపోయేవాళ్లు ఎక్కువగా ఇక్కడే మోసపోతారు. ఎయిర్‌ఫిక్స్‌నే తీసుకోండి. 1952లో గోల్డెన్ హైండ్ అనే ఓడ కిట్టును వూల్‌వర్త్స్ దుకాణాల కోసం, పెట్టె కూడా లేకుండా ప్లాస్టిక్ సంచిలో పెట్టి రెండు షిల్లింగులకు అమ్మిన కంపెనీ అది. ఆ దశాబ్దంలోనే వారి మొదటి స్పిట్‌ఫైర్ వచ్చింది. అదే విమానాన్ని అదే కొలతలో 1970ల చివర మరో అచ్చుతో తెచ్చారు, 2010లో పూర్తిగా కొత్త అచ్చుతో మళ్లీ తెచ్చారు. కంపెనీ పేరు మారలేదు, విమానం పేరు మారలేదు, పెట్టె పరిమాణం కూడా దాదాపు మారలేదు. లోపలి ప్లాస్టిక్ మాత్రం వేరు. ఏ గోడౌన్ మూల నుంచో పాత పెట్టె ఒకటి దుకాణం అరలోకి వస్తే పేరు చూసి తేడా పట్టుకోలేరు.

దానికి తోడు అచ్చులు చేతులు మారతాయి. ఫ్రాగ్ అనే బ్రిటిష్ బ్రాండు 1970ల మధ్యలో ముగిసిపోయినప్పుడు దాని అచ్చుల్లో చాలా వాటిని సోవియట్ యూనియన్‌కు అమ్మారు. నోవో పేరుతో అవే కిట్లు మళ్లీ బయటికి వచ్చాయి. రెండో ప్రపంచ యుద్ధంలో శత్రుపక్షాల విమానాల అచ్చులు సోవియట్లు తీసుకోలేదు, అవి రెవెల్ అనే కిట్ల కంపెనీకి దక్కాయి. మ్యాచ్‌బాక్స్ వారి విమానాల అచ్చులూ చివరికి రెవెల్ దగ్గరికే చేరాయి. ఇక రెవెల్ పెట్టెలో హసెగావా, ఇటలేరి, జ్వెజ్‌దా, ఐసీఎం కంపెనీల ప్లాస్టిక్ ఉన్న సందర్భాలు కొల్లలు. పోలండ్‌కు చెందిన మిస్టర్‌క్రాఫ్ట్ తూర్పు ఐరోపా పాత అచ్చులకు కొత్త పెట్టెలు తొడుగుతుంది. అందుకని "రెవెల్ మంచిదా?" అని ఎవరైనా అడిగితే నేను జవాబు చెప్పను. ఏ రెవెల్ అని ఎదురడుగుతాను.

అచ్చు వయసు తెలుసుకోవడానికి స్కేల్‌మేట్స్ అనే సైటు ఉంది. పెట్టె మీది కిట్టు నంబరు అందులో వెతికితే ఆ అచ్చు ఏ ఏడు పుట్టిందో, ఎవరెవరి పెట్టెల్లో తిరిగిందో వరసగా చూపిస్తుంది. ఫోను చేతిలో ఉంటే దుకాణంలో నిలబడే ఈ పని ముగుస్తుంది. పెట్టె పక్కన అచ్చయి ఉన్న సంవత్సరాన్ని మాత్రం నమ్మకండి. అది చాలాసార్లు ఆ పెట్టె బొమ్మకూ ముద్రణకూ సంబంధించినది. 1960ల నాటి ప్లాస్టిక్ మీద నిన్నగాక మొన్నటి సంవత్సరం నిక్షేపంగా ఉండవచ్చు.

పెట్టె తెరిచి చూడనిస్తే ఇంకా మంచిది. భాగాలను పట్టి ఉంచే చట్రాన్ని స్ప్రూ అంటాం. ఆ స్ప్రూ మీదో, విమానం ఒడలి లోపలి వైపునో, రెక్క లోపలి వైపునో కంపెనీ పేరూ సంవత్సరమూ ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటాయి. కొన్నిటి మీద పేరు ఉండవలసిన చోట చిన్న దీర్ఘచతురస్రం కనిపిస్తుంది, చుట్టూ ఉన్న ప్లాస్టిక్ నున్నగా ఉంటే అక్కడ మాత్రం సన్నటి గీరలు. వెలుతురుకు ఏటవాలుగా పట్టి చూస్తే గీరల కింద ఒకటి రెండు పాత అక్షరాల తోకలు కూడా కనబడతాయి. అచ్చు మునుపటి యజమాని పేరును కొత్తవారు చెరిపేసిన ఆనవాలు అది. అలాంటిది కనబడితే పెట్టె మీది పేరుతో నిమిత్తం లేకుండా కిట్టును దాని అసలు వయసుతోనే తూచండి.

ముసలి అచ్చు అయినంత మాత్రాన చెత్త అని తీర్మానించనక్కర్లేదు. అమెరికాకు చెందిన మోనోగ్రామ్ 1970లలో 1/48 కొలతలో చేసిన బి-17 బాంబరు లాంటివి, విమానం రేకుల అతుకులను చూపే గీతలు ఉబ్బెత్తుగా ఉన్నా, ఆకారంలోనూ కాక్‌పిట్ పనితనంలోనూ ఇవాళ్టికీ తలెత్తుకు నిలబడతాయి. మరో వైపు, లోతు గీతలు ఉంటే ఆధునికమని కొందరు నమ్ముతారు. మ్యాచ్‌బాక్స్ వారి పాత విమానాల మీద లోతు గీతలే, కానీ వాటి వెడల్పు చూస్తే కాలువ తవ్వినట్టుంటుంది.

ఇక రెండో రకం, అంటే తేలిక నిర్మాణం కోసం చేసినవి. మీరు చూసిన హాబీ బాస్ హెల్‌క్యాట్ ఈ రకం. రెక్కలూ ఒడలి కింది భాగమూ కలిపి ఒకే ముక్కగా, పై భాగం ఇంకో ముక్కగా వస్తాయి. రెండూ లావాటి మేకులతో ఒకదానిలో ఒకటి దిగుతాయి. సాయంత్రానికి ఆకారం నిలబడుతుంది. అతుకు పనిలో ఇబ్బంది దాదాపు ఉండదు, మేకులు మరీ బిగుతుగా ఉంటే కొంచెం గీకితే సరి. తగ్గించినదెక్కడంటే కాక్‌పిట్‌లో, చక్రాల అరల్లో. అక్కడ పెద్దగా ఏమీ ఉండదు. రష్యాలోని జ్వెజ్‌దా కంపెనీ జిగురు లేకుండా బిగించే చిన్న ట్యాంకులూ విమానాలూ చేసింది. వాటి గీతల పదును చాలా ఖరీదైన కిట్లకు ఏ మాత్రం తీసిపోదు. అచ్చు కొత్తది కావడమే కారణం.

మూడో రకానికి జపాన్ కంపెనీ బందాయ్‌ను మించిన ఉదాహరణ లేదు. 2020లో వారు ఎంట్రీ గ్రేడ్ పేరుతో ఆర్‌ఎక్స్-78-2 గండమ్ అనే కార్టూన్ రోబో కిట్టు తెచ్చారు. జపాన్‌లో పన్ను కాక 700 యెన్‌లు. రంగులు ప్లాస్టిక్‌లోనే ఉన్నాయి, జిగురు అక్కర్లేదు, భాగాలను చట్రం నుంచి చేత్తోనే విరవవచ్చు, విరిచిన చోట మచ్చ కూడా పడదు. అంత తక్కువ ధరకు అంత కచ్చితమైన పని ఎలా సాధ్యమంటే, ఎన్ని చేసినా అమ్ముడవుతాయన్న భరోసా వారికి ఉంది. అచ్చు ఖర్చు అన్ని పెట్టెల మీదా పరచుకుంటుంది. యుద్ధ విమానాల కిట్లకు ఆ గిరాకీ లేదు. కాబట్టి రెండింటినీ పక్కపక్కన పెట్టి స్పిట్‌ఫైర్‌ను తిట్టడం న్యాయం కాదు.

మన దేశంలో ధర గురించి ఒక మాట. విదేశీ సమీక్షకుడు "ఈ డబ్బుకు ఇంతకన్నా ఏం కావాలి?" అంటే అది వాళ్ల డబ్బు సంగతి. బొమ్మల మీద దిగుమతి సుంకాన్ని మన ప్రభుత్వం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది. ప్లాస్టిక్ మోడల్ కిట్లు కూడా ఆ పద్దులోకే వస్తాయి. రవాణా, పన్నులు కలిపితే అక్కడ చాక్లెట్ డబ్బులకు దొరికే కిట్టు ఇక్కడ మంచి చొక్కా ధర పలుకుతుంది. అందువల్ల అక్కడ "చవకే కదా, పోనీలే" అని క్షమించిన లోపాన్ని మనం క్షమించాల్సిన పని లేదు. సమీక్షలో లోపం ఏమిటో మాత్రం తీసుకోండి, తీర్పు మీరు చెప్పుకోండి. ఇంకో తమాషా ఏమిటంటే చాలా ఏళ్లుగా ఎయిర్‌ఫిక్స్ పెట్టెల మీద "భారతదేశంలో తయారైంది" అని ఉంటోంది. అది చూసి కొందరు వెనక్కి పెట్టేస్తారు, అదేం బుద్ధో నాకు అర్థం కాదు. ఆ ప్లాస్టిక్ కొంచెం మెత్తన, బ్లేడు పెట్టేటప్పుడు చేయి తేలికగా ఉంచాలి, అంతే.

సరే, భాగాలు కళ్ల ముందు ఉన్నాయనుకోండి, పెట్టెలో గానీ ఫోటోలో గానీ. లోపాలన్నీ ఒకే తూకం కావు. కొత్తవారు చూడగానే హడలిపోయేది ఫ్లాష్‌ను చూసి. అచ్చు రెండు పలకల అంచులు అరిగిపోయిన చోట ప్లాస్టిక్ బయటికి పాకి, భాగం చుట్టూ ఉల్లిపొరలా అంటుకుని ఉంటుంది. చూడటానికి అసహ్యమే గానీ బ్లేడుతో నాలుగు గీతలు గీస్తే పోతుంది. ఫ్లాష్ ఉందంటే అచ్చు అలసిందని మాత్రం అర్థం. మిగతా పనితనం మొద్దుబారిందేమో చూసుకోండి. గీతలు ఒక చోట స్పష్టంగా మొదలై మధ్యలో మాయమైపోతుంటే అప్పుడు ఆలోచించాలి.

ఫ్లాష్ కన్నా నేను ఎక్కువ భయపడేది పలకలు పక్కకు జరగడం గురించి. ల్యాండింగ్ గేరు కాలునో తుపాకీ గొట్టాన్నో చూడండి. గుండ్రంగా ఉండవలసిన దాని నిలువునా రెండు వైపులా మెట్టు కనబడుతుంది. ఎడమ సగం పైకి, కుడి సగం కిందికి జారినట్టు ఉంటుంది. గోటితో అడ్డంగా గీరితే గోరు తట్టుకుంటుంది. ఆ మెట్టును శాండ్‌పేపరుతో రుద్దితే పోతుంది, కానీ మిగిలేది గుండ్రం కాదు, కోడిగుడ్డు ఆకారం. ట్యాంకు గొట్టం అయితే ఇత్తడిది విడిగా కొని మార్చవచ్చు, దాని ఖరీదుకు ఇంకో చవక కిట్టు వస్తుంది. విమానం చక్రం కాలు అయితే సన్నగా రుద్దితే విరుగుతుంది, రుద్దకపోతే కనిపిస్తుంది. ఒక్క భాగంలో ఉంటే సర్దుకోవచ్చు. రెండు మూడు భాగాల్లో అదే దిశలో జరుగుడు కనిపిస్తే అచ్చే పాడైందని లెక్క.

లావుగా ఉన్న చోట ప్లాస్టిక్ చల్లారుతూ లోపలికి కుంగి గుంట పడుతుంది. దాన్ని సింక్ మార్క్ అంటాం. చక్రాల మీద, ప్రొపెల్లరు మొదట్లో, లోపలి వైపు మేకు ఉన్న చోటికి సరిగ్గా వెనకాల ఉంటాయి. లప్పం పెట్టి రుద్దితే సరిపోతుంది. మోడల్ పుట్టీ దొరకకపోతే పెద్ద సందులకు ఎం-సీల్ కూడా పనికొస్తుంది, నీళ్లు తాకించిన వేలితో నున్నగా అద్దాలి. గుంట ఉన్న చోటే గీతలు కూడా ఉంటే మాత్రం లప్పం వాటినీ పూడ్చేస్తుంది, మళ్లీ గీయాలి. పన్నెండేళ్ల పిల్లవాడి చేత ఆ పని చేయించాలనుకోకండి.

అచ్చు నుంచి భాగాన్ని బయటికి నెట్టే కడ్డీలు గుండ్రటి ముద్రలు వదులుతాయి. ఇవి లేని కిట్టు ఉండదు. అవి ఎక్కడ పడ్డాయన్నదే చూడాలి. ఆలోచించి గీసిన అచ్చులో ఆ ముద్రలు ఒడలి లోపల, రెక్క లోపల, ఎవరి కంటా పడని చోట ఉంటాయి. ఆలోచించని అచ్చులో చక్రాల తలుపు లోపలి ముఖం మీద, కాక్‌పిట్ గోడ మీద నాణెంలా కూర్చుంటాయి. కిట్టు రూపకర్త తెలివిని కొలవడానికి ఇంతకన్నా దగ్గరి దారి నాకు తెలియదు.

మందం విషయంలో చిన్న లెక్క చేయండి. 1/72 కొలతలో ఒక మిల్లీమీటరు అంటే అసలు విమానం మీద ఏడు సెంటీమీటర్లకు పైన. రెక్క వెనక అంచు మిల్లీమీటరు మందం ఉంటే అసలు విమానానికి అరచేతి వెడల్పు గోడ కట్టినట్టు. చక్రాల తలుపులూ అంతే. గీతల వెడల్పు అర మిల్లీమీటరు ఉంటే రేకుకూ రేకుకూ మధ్య మూడున్నర సెంటీమీటర్ల సందు ఉన్నట్టు. రెక్క అంచును లోపలి వైపు నుంచి రుద్ది సన్నం చేయవచ్చు, అరగంట పని. లోతు గీతలను రంగు ఒకటి రెండు పొరలు వేశాక కొంత తగ్గినట్టు చూపించవచ్చు. 2010 ప్రాంతపు ఎయిర్‌ఫిక్స్ కొత్త అచ్చుల మీద ఉన్న ప్రధాన ఫిర్యాదు ఇదే, గీతలు కాస్త లావు. దుకాణంలో కళ్లకు కొట్టొచ్చినట్టు కనిపిస్తాయి, రంగు పడ్డాక అంత బాధించవు.

ఆకారం తప్పితే మాత్రం మందు లేదు. స్కేలు పట్టుకెళ్లండి. స్పిట్‌ఫైర్ మార్క్ 1 రెక్కల కొస నుంచి కొసకు 11.23 మీటర్లు, 72తో భాగిస్తే 15.6 సెంటీమీటర్లు. పొడవు 9.12 మీటర్లు, అంటే దాదాపు 12.7 సెంటీమీటర్లు. మెసర్‌ష్మిట్ 109లో ఇ రకం రెక్కలు 9.87 మీటర్లు, కిట్టులో 13.7 సెంటీమీటర్లు రావాలి. ఒకటి రెండు మిల్లీమీటర్ల తేడా ఎవరికీ కనబడదు. అంతకు మించితే పెట్టె మీద 1/72 అని రాసి ఉన్నా, పెట్టెలో పట్టేలా కొలత సర్దారేమోనని అనుమానించండి. పాత చవక కిట్లలో ఇది మామూలే. పొడవులు సరిపోయినా ముక్కు ఆకారం, కానపీ (కాక్‌పిట్ మీది పారదర్శక మూత) వంపు తప్పితే మొత్తం ముఖమే మారిపోతుంది. అందుకు విమానం పక్క ఫోటో ఒకటి ఫోనులో పెట్టుకుని ఒడలి సగభాగాన్ని పక్కన పట్టి చూడటమే ఉపాయం.

రకం కూడా సరిచూడాలి. 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మన వైమానిక దళం మిగ్-21కు వీడ్కోలు పలికాక, భారత గుర్తులతో మిగ్ కట్టాలని చాలామందికి మనసు పుట్టింది. మన దగ్గర ఎగిరిన ఎఫ్ఎల్ రకానికి వీపు సన్నం, బిస్ రకానికి వీపు లావు. ఒకదాని కిట్టు మీద ఇంకొకదాని గుర్తులు అంటించి అమ్మే పెట్టెలు ఉంటాయి. కిట్టు నాణ్యత ఎంత బాగున్నా అది మీరు కట్టాలనుకున్న విమానం కాదు.

కానపీ గురించి వేరే చెప్పాలి. గాజులా కనిపించే ఆ ఒక్క భాగం పాడైతే దాన్ని బాగుచేసే మార్గాలు తక్కువ. ఫోటోల్లో అమ్మకందారు దీన్నే చూపించడు. దాని కింద అచ్చు అక్షరాలున్న కాగితం పెట్టి చదవండి. అక్షరాలు వంకర పోయినా చదవగలిగితే ఫరవాలేదు. మందంగా సీసా అడుగులా ఉంటే కాక్‌పిట్‌లో మీరు ఎంత పని చేసినా కనబడదు. అలాంటప్పుడు లోపలి పనితనం మీద డబ్బు పెట్టడం వృథా, కాక్‌పిట్ ఖాళీగా ఉండే హాబీ బాస్ కిట్టు మీద చిరాకు పడడం కూడా వృథానే. వెలుతురుకు పట్టి పగుళ్లు చూడండి, ముఖ్యంగా చట్రానికి అంటుకున్న చోట. పారదర్శక ప్లాస్టిక్ మామూలు దానికన్నా పెళుసు, నిప్పర్‌తో కత్తిరించేటప్పుడు పగులు అక్కడి నుంచే పాకుతుంది. మీసాల్లాంటి సన్నని గీరలు మాత్రమే ఉంటే పారదర్శక వార్నిష్‌లో ముంచి ఆరబెడితే చాలావరకు మాయమవుతాయి.

డెకాల్స్, అంటే నీళ్లలో నానబెట్టి అంటించే గుర్తులు. స్పిట్‌ఫైర్ పక్కన ఉండే వలయంలో పసుపు, నీలం, తెలుపు, ఎరుపు ఉంటాయి. ఒక్కో రంగును విడివిడిగా ముద్రిస్తారు. ఒక్కటి జరిగినా ఎరుపు చుక్క పక్కకు ఒరిగి, తెలుపు ఒక వైపు లావై రెండో వైపు గీతలా సన్నబడుతుంది. మన వైమానిక దళం గుర్తులో ఇది మరీ కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. బయటి కాషాయానికీ లోపలి ఆకుపచ్చకూ మధ్య తెలుపు వలయం సమంగా ఉందో లేదో రెండడుగుల దూరం నుంచే చెప్పవచ్చు. జరిగిన ముద్రణకు చికిత్స లేదు. పసుపుబారిన షీటును మాత్రం కిటికీ అద్దానికి టేపుతో అంటించి కొన్ని రోజులు ఎండ తగలనిస్తే తెల్లబడుతుంది. చాలా పాతదైతే నీళ్లలో వేయగానే ముక్కలవుతుంది. వాడబోని చిన్న గుర్తును ముందు వేసి చూడండి. అది చిట్లితే మిగతా షీటు మీద వార్నిష్ ఒక పొర పూసి, ఆరాక ఒక్కొక్కటి కత్తిరించి వాడుకోవచ్చు.

వంకర పోయిన భాగాలు చూసి వెనక్కి ఇచ్చేయకండి. పాలీస్టైరీన్ వంద డిగ్రీల దగ్గర మెత్తబడుతుంది. మరగని, చేయి పెట్టలేనంత వేడి నీళ్లలో ముంచి మెల్లగా సరిచేస్తే నిలబడుతుంది. కొన్నాక మే నెల ఎండలో కారులో వదిలేస్తే మాత్రం మంచి కిట్టు కూడా వంకర పోతుంది. భాగం కొస నిండకుండా సగంలో ఆగిపోయి ఉంటే అది అచ్చు ప్లాస్టిక్‌తో పూర్తిగా నిండలేదన్నమాట. సర్దుకోవద్దు, ఫోటో తీసి అమ్మినవారిని మార్చమనండి. పాత ట్యాంకు కిట్లలో మెత్తటి రబ్బరు లాంటి పట్టీలు మామూలు భాగాలకు తగులుతూ ఉన్నాయేమో కూడా చూసుకోవాలి. కొన్నింటిలో ఆ పట్టీ ఏళ్ల తరబడి ఆనుకున్న చోట ప్లాస్టిక్‌ను కరిగించేస్తుంది.

పెద్ద పెట్టె తక్కువ ధరకు వస్తోందని ఆశపడకండి. విశాఖ బీచ్ రోడ్డులో మ్యూజియంగా నిలబెట్టిన టీయూ-142 చూసినవారికి అలాంటిది ఒకటి ఇంట్లో ఉండాలనిపిస్తుంది. అది సుమారు 53 మీటర్ల పొడవు, 1/72లో దాదాపు ముప్పావు మీటరు. అంత పొడవు అతుకు సరిగా కుదరకపోతే లప్పానికీ శాండ్‌పేపరుకూ రంగుకూ అయ్యే ఖర్చు, పట్టే వారాలు మొదట మిగిలిన డబ్బును మింగేస్తాయి. చిన్న విమానంలో ఇదే లోపం ఒక సాయంత్రం పని.

ఆన్‌లైన్‌లో కొనేటట్టయితే కట్టి రంగు వేసిన మోడల్ ఫోటోలను పట్టించుకోకండి, వాటిలో కనిపించేది కట్టినవాడి నేర్పు. కంప్యూటర్‌లో గీసిన బొమ్మలు అసలే వద్దు. స్ప్రూ ఫోటోలు, అవి కూడా ఏటవాలు వెలుతురులో తీసినవి, వెతకండి. నేరుగా ఫ్లాష్‌ లైటు కొట్టి తీసిన ఫోటోలో గుంటలూ మెట్లూ మాయమవుతాయి. సమీక్షల్లో "బాగుంది", "చవకకు తగ్గట్టుంది" లాంటి మాటలు దాటేసి, రెక్క ఒడలికి అతికే చోట సందు ఎంత, ఎంత లప్పం పట్టింది అని రాసినవాటిని చదవండి. భాగాల సంఖ్య ఎక్కువుంటే నాణ్యమని కూడా అనుకోకండి. పాత కిట్టులో ఒక్క ముక్కగా వచ్చే దాన్నే మూడు ముక్కలు చేసి సంఖ్య పెంచినవి ఉన్నాయి.

మీ మూడు పెట్టెల విషయానికి వస్తే, స్పిట్‌ఫైర్ స్టార్టర్ సెట్ తీసుకోండి. అది మార్క్ 1 సెట్ అయితే ఇప్పుడు అందులో వస్తున్నది 2010 నాటి అచ్చే. కొలతలు సరిపోతాయి, భాగాలు తక్కువ, ఒడలి సగాలు బాగా కలుస్తాయి. రంగులు, బ్రష్షు, జిగురు పెట్టెలోనే ఉంటాయి కాబట్టి విడిగా కొనే ఖర్చు లేదు. పెట్టె చాలాకాలం అరలో ఉంటే ఆ చిన్న రంగు డబ్బాలు ఎండిపోయి ఉండవచ్చు, విప్పగానే మూతలు తెరిచి చూసుకోండి. కట్టే ముందు భాగాలను సబ్బు నీళ్లతో కడగండి, అచ్చు నుంచి అంటుకున్న జిడ్డు పోకపోతే రంగు పట్టదు. మేనల్లుడికి ఓపిక తక్కువ, ఒక్క రోజులో విమానం చేతిలో ఉండాలంటాడు అంటే హెల్‌క్యాట్ మేలు, కానపీ మూసే అంటించండి, లోపల ఏమీ లేదని ఎవరికీ తెలియదు.

ఆ మెసర్‌ష్మిట్ మాత్రం పైన పటారం లోన లొటారం అయ్యే అవకాశమే ఎక్కువ. బొమ్మ మీద పెట్టిన శ్రద్ధ చూస్తే ఏదో పాత అచ్చుకు కొత్త చొక్కా తొడిగారనిపిస్తోంది. అయినా చూడకుండా తీర్పు చెప్పను. దుకాణదారు పెట్టె తెరవనిస్తే కానపీ, ఒక రెక్క వెనక అంచు, ల్యాండింగ్ గేరు కాళ్లు, స్ప్రూ మీద అక్షరాలున్న చోటు, ఈ నాలుగూ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, పక్కన స్కేలు ఉంచి. కిట్టు నంబరు కూడా రాయండి. అచ్చు ఎవరిదో, ఎప్పటిదో వెతికి చెబుతాను. తెరవనివ్వకపోతే అక్కడే వదిలేయండి.